ఇంట్లో కారుండగా

"అమ్మా, తొయ్యి" అన్న కేక వినబడగానే లక్ష్మమ్మ పొయ్యి మీది పప్పు దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వీధిలోకి వచ్చేది. ఇంటికి కారు వచ్చినప్పటినుంచి ఆమెకు తెల్లవారేది ఆ కేకతోనే.

సేలంలో ఎవరో వాడి వాడి వదిలేసిన తెల్ల అంబాసిడర్ అది. తమిళనాడు ధర్మపురిలో చింతపండు మండీ నడిపే సీనప్ప, కొడుకు గోవిందుకు పద్దెనిమిది నిండి లైసెన్సు రాగానే కొనిపెట్టాడు. రైసుమిల్లు వాళ్ళ అబ్బాయికి కారు ఉండగా తన కొడుక్కి లేకపోతే ఎట్లా? లక్ష్మమ్మ కూడా సంబరపడింది. అబద్ధం ఎందుకు, బాగానే సంబరపడింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, గుమ్మడికాయ దిష్టి తీసింది, ముందూ వెనకా కుంకుమ బొట్లు పెట్టింది. గుడిదాకా ముందు సీట్లో కూర్చుని వెళ్ళింది కూడా. అదే మొదలు, అదే చివర.

ఎందుకంటే రెండో వారానికే బాటరీ చచ్చింది. కొత్తది వేయించమని గోవిందు అడిగితే, అరుగు మీద పేపరు చదువుతున్న సీనప్ప తల ఎత్తకుండానే తేల్చేశాడు. "ఇంట్లో మనుషులుండగా బాటరీ ఎందుకురా?"

మనుషులంటే లక్ష్మమ్మ. సీనప్ప తొయ్యడు. మండీ ఓనరు పంచె ఎగ్గట్టి నడివీధిలో కారు తోస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? మరి ఆ ఓనరు పెండ్లాం చీర ఎగ్గట్టి తోస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారో, ఆ ప్రశ్న లక్ష్మమ్మ నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయేది. డిక్కీకి రెండు అరచేతులూ ఆనించి, మోకాళ్ళు వంచి తోసేది. బండి కదిలి, కాస్త వేగం అందుకున్నాక ఒక కుదుపు వచ్చేది. ఇంజను పట్టుకుందని గోవిందు కంటే ముందు ఆమె అరచేతులకే తెలిసేది. ఆపితే మళ్ళీ ఆగిపోతుందని వాడు ఆపేవాడు కాదు, వెనక్కి తిరిగి చూసేవాడూ కాదు. మొహం మీద పొగతో ఆమె వీధి మధ్యలో నిలబడిపోయేది. ఎదురింటి పెరుమాయి కొళాయి దగ్గర బిందె ఎత్తుతూ చూపు తిప్పుకునేది. శుక్రవారం డిక్కీకి పెట్టిన బొట్టు శనివారానికి ఆమె అరచేతుల్లోనే చెరిగిపోయేది.

అయినా అది కాదు ఆమె బాధ. తొయ్యడం ఒక పని, ఇంటి పనుల్లో ఇంకొకటి. కారు వచ్చి ఆమెకు బస్సు లేకుండా పోయింది, అదీ బాధ. అంతకుముందు నెలకోసారి కారిమంగళం బస్సెక్కి అక్క రంగమ్మాళ్‌ను చూసి వచ్చేది. తల్లి పోయాక ఆమెను పెంచింది అక్కే. ఇప్పుడు సంచీ పట్టుకుంటే చాలు, సీనప్ప అడ్డం పడేవాడు. "ఇంట్లో కారుండగా బస్సులో పోతావా? సీనప్ప పెండ్లాం బస్సులో నిలబడుకోని పోయిందంటే నా మర్యాద ఏం కావాల?" గోవిందు అందుకునేవాడు. "నేను తీసకపోతాలేమ్మా, వచ్చే ఆదివారం." ఆ వచ్చే ఆదివారాలన్నీ స్నేహితులతో హొగేనక్కల్‌కో, కృష్ణగిరి డ్యాముకో, సినిమాకో పోయాయి. వాడి మీద కోపం తెచ్చుకుందామంటే రాదు. చిన్నప్పుడు ఇదే కారిమంగళం బస్సులో తన ఒళ్ళో కూర్చుని, నోటితో హారన్ కొడుతూ వచ్చిన పిల్లాడు వాడు.

ఇంతలో అక్కకు కంటి ఆపరేషన్ అయింది. ఆదివారం మధ్యాహ్నం కాంపౌండరే ఇంటికి వచ్చి కట్టు విప్పుతాడని కబురు వచ్చింది. కబురుతో పాటు అక్క మాట ఒకటి కూడా వచ్చింది. "కట్టు ఇప్పినప్పుడు మా లక్ష్మి మొగమే ముందు చూడాల."

ఆ ఆదివారం లక్ష్మమ్మ చీకటితోనే లేచి పులిహోర కలిపింది, వడలు చేసింది. క్యారియర్ సర్ది వెనక సీట్లో పెట్టింది. పట్టుచీర కట్టుకుంది. గోవిందు తాళం తిప్పాడు. కారు మూలిగి ఊరుకుంది.

"తొయ్యమ్మా. ఇంజను పట్టుకుంటానే ఒక సుట్టు తిరిగొచ్చి ఎక్కించుకుంటా."

పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపి తోసింది. పట్టుకుంది. వీధి మలుపులో కారు నెమ్మదించడం, తలుపులు తెరుచుకోవడం, వాడి స్నేహితులు ఒకరి మీద ఒకరు పడి ఎక్కడం ఆమెకు కనబడుతూనే ఉంది. తర్వాత కారు కనబడలేదు. ఎండ అరుగు మీదికి ఎక్కేదాకా ఆమె అక్కడే నిలబడింది.

"ఇంక వాడు రాడు, లోపలికి రా. వయసు పిల్లోళ్ళు అంతే" అన్నాడు సీనప్ప. "అక్క యాడికి పోతుంది? వచ్చే ఆదివారం చూసుకో."

లక్ష్మమ్మ కొళాయి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. చెప్పులు వేసుకుంది.

"యాడికి?"

"బస్‌స్టాండుకు."

"ఇంట్లో కారుండగా..."

"కారు ఇంట్లో లేదు గదా" అని, నడిచింది.

కిటికీ పక్కన సీటు దొరికింది. గాలి మొహానికి తగులుతుంటే ఎన్నాళ్ళకో ఒళ్ళు తేలికయింది. కారిమంగళం ఇంకాస్త దూరం ఉందనగా బస్సు ఆగింది. రోడ్డు పక్క చింతచెట్టు కింద తెల్ల అంబాసిడర్. డ్యాముకు పోయే దారీ ఇదే. నలుగురు కుర్రాళ్ళు బస్సుకు చేతులు అడ్డం పెట్టారు. చెంపకు గ్రీజు అంటించుకుని గోవిందు కిటికీ కిందికి పరిగెత్తి వచ్చాడు. తల్లిని చూసి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు వాడికి. మోకాలు కొట్టుకుని ఇంటికొచ్చిన చిన్నప్పటి మొహమే అది. లక్ష్మమ్మ ప్రాణం ఉసూరుమంది. లేవడానికి చెయ్యి తనంతట తానే ముందు సీటు కమ్మీ పట్టుకుంది.

"బాటరీ పూర్తిగా పోయినట్టుందమ్మా. ఈళ్ళకు తొయ్యడం రాలేదు. నువ్వు దిగి ఒక చెయ్యి వెయ్యి. నీకు తెలుసు గదా యాడ పట్టుకోవాలో. తర్వాత పెద్దమ్మ ఇంటికి నేనే..."

కండక్టర్ విసుగ్గా విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. లక్ష్మమ్మ కమ్మీ మీద చెయ్యి తీసేసి సర్దుకుని కూర్చుంది.

"క్యారియర్ ఉందా, తినేసినారా?"

"వడలు మాత్రం..."

"మిగిలింది ఇట్లియ్యి."

వాడు పరిగెత్తి తెచ్చి కిటికీలోంచి అందించాడు. లక్ష్మమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. పైటకొంగుతో వాడి చెంప మీది గ్రీజు తుడిచింది.

"ఇంతమంది మనుషులుండగా బాటరీ ఎందుకురా?" అంది. కండక్టర్ వైపు తిరిగి, బస్సు పోనిమ్మని అరవంలో "పోలాం" అంది.