గీసిన కళ్లు

కొండగట్టు అంజన్న దర్శనం చేసుకుని దిగి వచ్చేవాళ్లకు దారి పక్కనే దేవదాస్ ఫొటో పరదా కనిపించేది. పరదా మీద మేడ, పూల కుండీలు. దాని ముందు రెండు కుర్చీలు. కొత్త జంటలు, పుట్టువెంట్రుకలు తీయించుకున్న పిల్లలు అక్కడ వరుసకట్టేవారు. పందొమ్మిది వందల అరవై ఒకటిలో, చిన్న హనుమాన్ జయంతికి సిరిసిల్ల నుంచి వచ్చిన శంకరవ్వ కూడా అక్కడే ఆగింది. ఆమెకు అరవై దాటాయి.

"జర మనం గూడ ఫొటో దిగుదమా?" అని భర్త సాంబయ్యను మెల్లగా అడిగింది.

నలభై ఐదేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగిన కోరికలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆయన మగ్గం గుంటలో, ఆమె గోడవారన రాట్నం దగ్గర. ఒకే గదిలో బతుకు వెళ్లదీశారు గాని, నలుగురిలో పక్కపక్కన కూర్చున్నది పెళ్లిపీటల మీదే. సాంబయ్య నవ్వాడు. తలరుమాలు సర్దుకుని ఒక కుర్చీలో కూర్చుని, రెండో కుర్చీని చేత్తో తట్టి చూపించాడు.

అంతలో కొడుకు రాయమల్లు కొబ్బరిచిప్పల సంచితో వచ్చాడు.

"గీ వయసుల గివేం సోకులే అవ్వా? కులపోళ్లు చూస్తే నవ్వుతరు. ముసలోళ్లు ఫొటో దిగితె ఆయుష్షు తగ్గుతదంటరు. లే బాపూ."

సాంబయ్య లేచాడు. రాయమల్లు తండ్రి బాగు కోరే ఆ మాట అన్నాడు, అందులో అబద్ధం లేదు. మన ఇళ్లలో ముసలివాళ్ల సరదాలను తుంచేసేది పగవాళ్లు కారు, ఇలాంటి మంచి కొడుకులే. శంకరవ్వ ఖాళీ కుర్చీ వంక ఒకసారి చూసి, కొంగు సర్దుకుని వాళ్ల వెనక నడిచింది.

శ్రావణంలో సాంబయ్య నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. ఫొటో దిగకపోయినా ఆయుష్షు తీరింది.

పాడె కట్టకముందే రాయమల్లు పరుగున పోయి, జాతర రోజుల్లో తప్ప సిరిసిల్ల బజారులోనే దుకాణం నడిపే ఆ దేవదాస్‌నే పిలుచుకొచ్చాడు. గోడకు పటం లేకపోతే పోయిన పెద్దలను తలచుకునే పెత్రమావాస్యనాడు దండ దేనికి వేస్తారు? బతికినన్నాళ్లు పనికిరాని ఫొటో చచ్చాక మర్యాదకు కావలసి వచ్చింది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా పంచెతో కట్టారు. తలకు రుమాలు చుట్టారు.

"కండ్లు మూతవడ్డయి. కాయితం మీద నేను గీసి తెరిపిస్త," అన్నాడు దేవదాస్. "బాపు కండ్లు ఎట్లుంటుండె, రాయమల్లన్నా?"

రాయమల్లుకు తండ్రి దగ్గు తెలుసు, తండ్రి మగ్గం చప్పుడు తెలుసు. కళ్లు ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు.

"అందరి లెక్కనే ఉంటుండె," అన్నాడు చివరకు.

శవం కాళ్ల దగ్గర కూర్చున్న శంకరవ్వ తలెత్తింది.

"ఎడమ కన్ను జర చిన్నగుంటది. పోగు తెగితె ముందుగాల గా కన్నే ముడుస్తడు. నవ్వితె రెండూ మూతవడ్తయి. కొండగట్టుల కుర్చీల కూసోని నవ్విండు గద. నువ్వే లేపుకచ్చినవ్."

రాయమల్లు ఇంకో కుర్చీ తెచ్చి తండ్రి పక్కన వేశాడు. "నువ్వు గూడ కూసో అవ్వా. జోడుగ ఉంటది."

"వద్దు. గా కుర్చీ తట్టి పిలిచిన చెయ్యి లేదిప్పుడు," అంది ఆమె.

పది రోజులకు పటం వచ్చింది. శంకరవ్వ చెప్పినట్టే దేవదాస్ ఎడమ కన్ను చిన్నగా గీశాడు, పాపం. బతికున్నట్టే ఉన్నాడని చూసినవాళ్లంతా అన్నారు. పెత్రమావాస్యనాడు రాయమల్లు దండ వేసి, దీపం పెట్టమని తల్లిని పిలిచాడు. శంకరవ్వ పటాన్ని చాలాసేపు చూసింది.

"గీయన ఎవలో నాకెరికలేదు కొడుకా. కన్ను మీ బాపుదే, చూపు ఆయనది గాదు," అంది.

రాయమల్లు గోడవారన కూలబడి ఏడ్చాడు.

"తప్పయింది అవ్వా. ఇప్పుడే దేవదాసును తోలుకొస్త. నువ్వన్న ఒక ఫొటో దిగు."

శంకరవ్వ కొడుకు గడ్డం పట్టి ముఖం తన వైపు తిప్పుకుంది.

"ఫొటో తర్వాత సంగతి. ముందుగాల నా దిక్కు చూడు. సచ్చినంక కండ్లు గీయిస్తె ఏమొస్తది కొడుకా? బతికున్నప్పుడే గా కండ్లల్లకు చూసి, వాళ్లకేం గావాల్నో అడుగాలె."