అత్తయ్య చెప్పుల నడక

కోడలు ఎన్నడూ పైకి అనని మాట ఒకటుంది: కన్నతల్లికన్నా అత్తే తనకి ఎక్కువ ఇష్టం. పైకి అంటే అమ్మ నొచ్చుకుంటుంది, అత్త ఆటపట్టిస్తుంది. అందుకని కడుపులోనే దాచుకుంది.

అత్త కారు నడపడం నేర్పుతుంది. పక్కసీట్లో కూర్చుని, తనవైపున్న రెండో బ్రేకు మీద కాలు ఆనించి, ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళని రోడ్డెక్కించింది. కోడలికీ ఆవిడే గురువు. "అనుమానమొస్తే ముందు బండి పక్కకి ఆపు. ఆలోచన తర్వాత," అనేది. గొంతు పెంచేది కాదు, బ్రేకు మీంచి కాలు తీసేదీ కాదు.

ఆవిడకి షుగరొచ్చి చాలా ఏళ్ళయింది. రోజూ నడవమన్నారు. పొద్దున్నే క్లాసులాయె, నడిచేదెప్పుడు? క్లాసుకి ఎలాగూ బూట్లేసుకుంటుంది గనక, ఆవిడ చెప్పులే నడిచొచ్చేవి. తెల్లారగానే గుమ్మం దిగి, పార్కు చుట్టొచ్చి, మళ్ళీ తలుపు పక్కన సర్దుకునేవి. ఎదురింటాయన వాటికి తప్పుకుని దారిచ్చేవాడు. "మీ అత్తగారు నయమమ్మా, ఒక్కరోజూ మానరు," అనేవాడు కోడలితో.

ఈమధ్య చెప్పులు ఆలస్యంగా వస్తున్నాయి. మెట్టు మెట్టుకీ ఆగుతున్నాయి. సాయంత్రం అత్త పాదాలు వాటిల్లో పట్టడం లేదు.

"కాళ్ళు వాచాయి కదత్తయ్యా?"

"రోజంతా కూర్చుంటే వాయక సన్నబడతాయా?"

"పడుకుంటే ఆయాసమొస్తోందా? ఇంకో దిండు తీసుకున్నారు."

"నా దిండ్లు లెక్కపెట్టడానికా నిన్ను తెచ్చుకుంది? షుగరు కాళ్ళనీ కళ్ళనీ పట్టుకుంటుంది. గుండె జబ్బులంటావా, అవి మీ మావయ్యలాంటి మగాళ్ళకి. ఎవరితోనూ అనకు. బ్రేకు మీద కాలు నీరసించిందని తెలిస్తే నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

ఇవాళ చెప్పులు రానేలేదు. కోడలు వెతుక్కుంటూ పార్కు దాటి పెద్దాసుపత్రి దాకా వెళ్ళింది. గుండె డాక్టరు గది ముందు, వరసలో, ఓ ముసలాయన వెనకాల బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

"వారంనుంచీ వస్తున్నాయి," అంది నర్సు. "వీటి మనిషేరీ?"

"క్లాసులో ఉన్నారు."

"షుగరుందా? కాళ్ళవాపు, ఆయాసం?"

కోడలు అన్నీ చెప్పేసింది.

"షుగరుంటే గుండె బలహీనపడే ముప్పు మగవాళ్ళకీ ఉంది, ఆడవాళ్ళకి ఇంకా పెరుగుతుంది. నొప్పి రావాలనేం లేదు. గుండె రక్తాన్ని సరిగ్గా నెట్టలేకపోతే నీరు కాళ్ళల్లో చేరుతుంది. ఇవాళే తీసుకురామ్మా. చెప్పులకి పరీక్షలు చెయ్యలేంగా."

వరస కదిలింది. చెప్పులు ఓ అడుగు ముందుకేసి, అలుపు తీర్చుకోడానికి ఆగాయి. ఎంత అలిసినా వరస మాత్రం వదల్లేదు. అచ్చం ఆవిడే, అనుకుంది కోడలు.

క్లాసు మధ్యలో అత్తకి ఫోను చేసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, కొడుక్కి కూడా. కోపం వస్తే రానీ. ఇష్టం సంగతి ఎదురుగా కూర్చున్నాక చెప్పుకోవచ్చు. ముందు అనాల్సిన మాట ఆవిడ నేర్పిందే: "బండి పక్కకి ఆపండత్తయ్యా."

చెప్పుల పక్కన తనూ వరసలో నిలబడి, కోడలు సంచిలోంచి ఫోను తీసింది.