తీరని ఇల్లు

నీళ్లలో ఇల్లు ఊగుతోంది.

తలకిందులుగా. పైకప్పు కిందికి, పునాది పైకి. రేవు దగ్గరి బోర్డు మీది అక్షరాలూ ఊగుతున్నాయి... అల వస్తే సాగుతాయి, పోతే ముడుచుకుంటాయి.

పెద్ద ఇల్లు కనిపిస్తే లంకంత ఇల్లు అంటారు. ఇది లంకలోనే ఉన్న లంకంత ఇల్లు.

ఇందులో ఏదీ ఈ దీవిలో పుట్టింది కాదు. ఇటుక, సున్నం, పండ్లతోటకు మొక్కలు, ఆ మొక్కలకు మట్టి — అన్నీ పడవలో వచ్చినవే. ఆ పడవ మా తాత నడిపాడు. ముప్పై రెండేళ్లు. ఒకసారి నిలువుటద్దం తెచ్చాడు. నిలబెడితే పగులుతుందని పడుకోబెట్టి, ముఖం ఆకాశానికి పెట్టి. ఆ పూట నాన్న మబ్బుల్ని మోసుకొచ్చాడని తాత కూతురు, మా అత్త, ఇప్పటికీ చెబుతుంది.

అలలకు అలుపు లేదు. తాతకు అలక లేదు.

అలా గడిచింది.

దీవి యజమాని పెద్దయ్యగారికి ఇంటికో పేరు పెట్టాలని తోచింది. అప్పట్లో కాగితం పడవెక్కేది కాదు, తడుస్తుందని. మాటే ఎక్కేది... తాత నోట్లో కూర్చుని. సున్నం ఎన్ని బస్తాలో, వడ్రంగి ఎప్పుడు రావాలో, అన్నీ నీళ్ల మీంచే కేకేసి చెప్పేవాడు. పడవ కట్టే తీరిక ఏదీ?

"తీరాన ఇల్లు" అని రాయించమన్నారు పెద్దయ్యగారు.

బోర్డులు రాసే మనిషి అవతలి గట్టు మీద. నడుమ నీళ్లు. ఆ రోజు ఎదురుగాలి.

బోర్డు వచ్చింది — తీరని ఇల్లు.

పెద్దయ్యగారు పిలిపించారు. తాత తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడట.

"సగం మాటే నేను చెప్పానండయ్యా. మిగతా సగం గాలి చెప్పింది."

ఆయన బోర్డు వైపు చూశారు. ఆరేళ్లుగా పరంజా దిగని తాపీమేస్త్రీల వైపు చూశారు. ఉండనీరా, ఎలాగూ తీరేట్టు లేదుగా అని నవ్వేశారట.

తీరలేదు. కొడుకు మేడ వేశాడు. మనవడు మేడ మీద గాజుగది కట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే పడవెక్కి వెళ్లిపోయారు... ఇంటికి కాపలాగా, తాళాలగుత్తితో మా అత్త మిగిలింది.

ఇప్పుడు వారసత్వ శాఖవాళ్లు వచ్చారు. ఇల్లు ఇక ప్రదర్శనశాల. అచ్చేసిన చరిత్ర పుస్తకం అత్త చేతిలో పెట్టారు. నేనే చదివి వినిపించాను. అందులో పెద్దయ్యగారున్నారు. కొడుకు, మనవడు ఉన్నారు. నిలువుటద్దం కొలతలున్నాయి. ఒక బొమ్మలో పడవ కూడా ఉంది.

ఖాళీ పడవ.

వారసత్వం అంటే వారి సత్వమేనేమో అత్తా, మోసిన సత్తువ లెక్కలోకి రాదులా ఉంది అన్నాను. నా ప్రతి మాటకూ నవ్వే మనిషి, నవ్వలేదు.

చివరి పేజీలో ఉంది: బోర్డు మీద అక్షరదోషం. దస్తావేజు ప్రకారం 'తీరాన ఇల్లు' అని సరిదిద్దాలి.

ఈ పొద్దున పెయింటరు నిచ్చెన వేశాడు. కింద ఆఫీసరు, దస్తావేజు నకలుతో. అత్త వెళ్లి నిచ్చెన కాళ్లు పట్టుకుంది. మనుషుల కాళ్లు పట్టుకోవడం ఆవిడకు రాదు.

"బాబూ, ఆ తప్పు మా నాన్నది. ఇంత ఇంట్లో మా నాన్నదంటూ ఉన్నది అదొక్కటే. అదీ దిద్దేస్తారా?"

ఆఫీసరు దస్తావేజు చూశాడు. పుస్తకం తిరగేశాడు. దీనికేం చెప్పాలో రెంటిలోనూ రాసి లేదు.

ఏం రాయమంటారు సార్ అని పైనుంచి పెయింటరు అడిగాడు.

ఎదురుగాలి లేచింది. ఆఫీసరు తలెత్తి ఏదో అన్నాడు...

సగం మాట.

కుంచె చివరి నుంచి ఒక రంగు చుక్క జారి నీళ్లలో పడింది. అత్త నిచ్చెన వదల్లేదు.

నీళ్లలో ఇల్లు ఊగుతోంది. అక్షరాలు సాగుతున్నాయి... ముడుచుకుంటున్నాయి...

తీరాన —

తీరని —

తీరా...