సొట్టతో సహా

రేకు బాతు మెడ కింద బఠాణీ గింజంత సొట్ట ఉంది. దాన్ని చూసి చేసిన కొత్త బల్లదీపాలు పది, ప్రదర్శన గదిలో వరసగా నిలబడి ఉన్నాయి. పదింటికీ అదే చోట, అంతే లోతున సొట్ట. కంపెనీ యజమాని వాటి ముందు చేతులు కట్టుకుని తెగ మురిసిపోతున్నాడు.

"చూశావామ్మా, ఆ సొట్టలోనే ఉంది అందమంతా. పాతకాలం వస్తువని చూడగానే తెలిసిపోవాలి."

డిజైనరమ్మాయికి ఒళ్లు మండింది. ఆ సొట్ట ఆమె పెట్టిందే. ఐదేళ్లప్పుడు, నడుస్తూ నడుస్తూ బాతు ఆగిపోయిందని ఉక్రోషం వచ్చి గడపకేసి కొట్టింది. మేనత్త పరుగున వచ్చి బాతుని లాక్కుని, "ఆగిపోతే కొడతారటే? కీ ఇవ్వాలి," అని మూడు చుట్లు తిప్పి నేల మీద వదిలింది. బాతు తల ఆడించుకుంటూ టకటకా నడిచిపోయింది. ఇన్నేళ్ల తర్వాత కంపెనీలోని కొలత మిషను ఆ బాతుని నలువైపులా చూసి, ఆమె చిన్ననాటి పెంకితనాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా దించేసింది. లోపలి స్ప్రింగు సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

పట్టలేదంటే అబద్ధం. ఆమె గీసిన మొదటి బొమ్మలో స్ప్రింగు ఉంది. వీపు మీద కీ మూడు చుట్లు తిప్పితే దీపం వెలుగుతుంది. స్ప్రింగు విడిపోతున్నంతసేపూ బాతు తల మెల్లగా వాలుతుంది. తల పూర్తిగా వాలాక దీపం ఆరిపోతుంది. యజమాని ఆ కాగితం చూసి నవ్వి, స్ప్రింగు మీద అడ్డంగా గీత కొట్టాడు. "కీ అందానికి ఉంటే చాలు. అంటించేద్దాం. అడుగున స్విచ్చి పెడదాం. ఈ రోజుల్లో కీ ఎవడు తిప్పుతాడమ్మా?"

ఆ మాట ఇంట్లో చెబితే మేనత్త మూతి మూడు వంకర్లు తిప్పింది. ఆమె బొమ్మల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఆఖరి బల్ల దగ్గర పనిచేసిన మనిషి. ఏ బొమ్మైనా ఆమె చేతిలో మూడు చుట్లు తిరిగి, ఆమె చెవికి చప్పుడు వినిపించి గానీ పెట్టెలోకి వెళ్లేది కాదు. చప్పుడు నచ్చకపోతే పక్కన పెట్టేసేది. మేస్త్రీ వచ్చి కాళ్లావేళ్లా పడ్డా ససేమిరా అనేది. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఇంట్లోకి కొత్త ఫ్యాను వచ్చినా ముందు చెవి ఒగ్గి వింటుంది.

"తిరగని కీ పెడతాడా? పెట్టమను. ఎవరు తిప్పుతారో నేనూ చూస్తా," అంది మేనత్త. ఆ ఆదివారమే మేనత్తా మేనకోడలూ కూర్చుని, పాత అలారం గడియారం స్ప్రింగుతో ఒక దీపం తయారుచేశారు. అది ఇప్పుడు డిజైనరమ్మాయి సంచిలో ఉంది. యజమాని దాన్ని పొద్దున్నే కనిపెట్టేశాడు.

"ఆ సంచి ఇక్కడ తెరుచుకుందంటే, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు నవ్వుతూనే. ఆరేళ్ల ఉద్యోగం. ఆమె సంతకంతో బయటికి వెళ్లబోతున్న మొదటి వస్తువు ప్రదర్శనలోని ఈ బాతు దీపమే. ఆమె సంచిని కుర్చీ కిందికి తోసేసింది. తోసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

దుకాణదారులు ఒక్కొక్కరే వచ్చారు. మొదట వచ్చింది బొమ్మల కొట్టు నడిపే పెద్దావిడ. కళ్లజోడు సవరించుకుని ఒక బాతుని చేతిలోకి తీసుకుంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆవిడ వేళ్లు నేరుగా కీ మీదికి వెళ్లాయి. తిరగలేదు. బిగుసుకుపోయిందేమోనని గట్టిగా తిప్పింది. పుటుక్కున కీ ఊడి చేతిలోకొచ్చింది.

"అయ్యయ్యో! విరగ్గొట్టేశానే," అంది పెద్దావిడ. ముఖం చిన్నబోయింది. "క్షమించమ్మా. ముసలి చేతులు."

డిజైనరమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. మోసం వీళ్లది, క్షమాపణ ఆవిడదా?

"తప్పు మీది కాదండీ," అంది, గదంతా వినపడేలా. "కీ కనపడితే ఎవరైనా తిప్పుతారు. తిరగని కీ పెట్టడం మాదే తప్పు." వంగి సంచి తీసింది. యజమాని దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు. ఆమె తన దీపాన్ని పెద్దావిడ చేతిలో పెట్టింది.

పెద్దావిడ జంకుతూ తిప్పింది. ఒకటి, రెండు, మూడు. దీపం వెలిగింది. కరకరమంటూ చిన్న చప్పుడు మొదలైంది. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కదలకుండా నిలబడిపోయింది.

సాయంత్రానికి పది బాతుల కీలూ ఊడిపోయాయి. యజమాని వాటిని బల్ల మీద పోసి, ఒక కీకి అంటిన జిగురుని గీరి చూశాడు. తల గోక్కున్నాడు.

"జిగురు బలం చాల్లేదు," అన్నాడు చివరికి. "ఇంకాస్త గట్టిది వేయిద్దాం. పొద్దున్న జరిగింది మర్చిపోతాలే. ఇదిగో, అచ్చు పోయడానికి పంపే కాగితం. సంతకం పెట్టు."

మర్చిపోతానన్నాడు. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. ఆమెకి నవ్వాగలేదు. కలం మూత కూడా తీయలేదు. బల్ల మీదున్న అసలు రేకు బాతుని తీసి సంచిలో పెట్టుకుంది.

"ఇది మా అత్త బాతు. నేను తీసుకెళ్తున్నా సార్. ఇంకో మాట. ఆ సొట్ట చిన్నప్పుడు నేను పెట్టింది. కీ తిరగని బాతుకి నా సొట్ట ఇవ్వను. అచ్చు పోసేముందు చదును చేయించండి."

యజమాని నోరు పెగిలేలోగా ఆమె మెట్లు దిగేసింది. భయం వేయలేదని ఆమె ఎవరితోనూ అబద్ధం చెప్పదు.

ఇంట్లో మేనత్త వాకిట్లోనే ఎదురైంది.

"ఏమైందే?"

"ఉద్యోగం పోయింది. పది కీలూ ఊడాయి. మనది మాత్రం తిరుగుతూనే ఉంది. ఒక బొమ్మల కొట్టావిడ తన చిరునామా చీటీ ఇచ్చింది. తిరిగేవి ఎన్ని చేస్తే అన్నీ తెమ్మంది."

మేనత్త దీపం అందుకుని మూడు చుట్లు తిప్పింది. చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆనక లోపలికెళ్లి, గోడవారన ఉన్న బల్ల మీది సామానంతా తీసి మంచం మీద పడేసింది. బల్లని కిటికీ దగ్గరికి ఈడ్చుకొచ్చి, తడిగుడ్డతో తుడిచింది.

"మొదటి బల్ల నీది, ఆఖరి బల్ల నాది. చప్పుడు నచ్చకపోతే నీదైనా సరే వెనక్కి కొడతా," అంది. తర్వాత రేకు బాతు మెడ కింద బొటనవేలితో తడిమింది. "అవునే, మనం చేసేవాటికీ ఈ సొట్ట పెడతావా?"

"పెట్టను అత్తా. ఎవరి సొట్ట వాళ్లే పెట్టుకుంటారు."