దొరసాని భోజనం

భోజనాల గంట మోగగానే దొరసాని చేతులు రెండూ పైకి లేచేవి. నోరు తెరుచుకునేది, కళ్ళు పెద్దవయ్యేవి, తల కుర్చీ వెనక్కి వాలేది. పెద్దమ్మ ప్రార్థన ముగించాక బల్ల చుట్టూ ఉన్న పిల్లలందరూ ఒక్క గొంతుతో "ఆమెన్" అనేవాళ్ళు. అప్పుడు ఆ చేతులు ఇంకోసారి ఎగిరేవి.

"చూశారా, మా తల్లి స్తోత్రం చెప్తోంది" అనేది పెద్దమ్మ. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

దొరసానికి ఏడేళ్ళుంటాయని అంచనా. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎవరో పళ్ళబుట్టలో పడుకోబెట్టి, బస్టాండులో సామాన్ల గది గుమ్మం పక్కన వదిలి వెళ్ళిపోయారు. మెడ నిలవదు. మాట లేదు. చూపు ఉందో లేదో, ఉంటే ఎంత దూరమో ఎవరూ తేల్చలేదు. కాళ్ళూ చేతులూ ఉన్నట్టుండి కర్రల్లా బిగుసుకుపోతాయి. తనంతట తాను చేసే పని ఊపిరి తీసుకోవడం ఒక్కటే, జలుబు చేస్తే దానికీ సాయం కావాలి. ఇంటిల్లిపాదీ ఆమె చుట్టూ తిరగాల్సిందే కాబట్టి వంటక్క ఆ పేరు పెట్టింది. "దొరసానిగారు లేచారా? ఈ పూట ఎటు తిరిగి పడుకుంటారట?" అని వంటింట్లోంచి అరిచేది. పేరు అతుక్కుపోయింది.

ఆ ఇల్లు మిషన్ వాళ్ళ అనాథాశ్రమం. మేడ మీద ప్రార్థన గది, కింద పిల్లల పడకలు, వెనక వంటిల్లు. నడిపేది ఇద్దరు సిస్టర్లు. పిల్లలు పెద్దామెను పెద్దమ్మ అనీ, కిందటేడు వచ్చినామెను చిన్నమ్మ అనీ పిలిచేవారు. ఆ ఇంట్లో ఎవరూ దాటకూడని నియమం ఒకటుంది. ఎవరూ ఒంటరిగా తినకూడదు. ఒకసారి వదిలేసిన పిల్లను మూలన కూర్చోబెట్టి తినిపించడమంటే, పెద్దమ్మ దృష్టిలో, రెండోసారి వదిలేయడమే. అందుకని దొరసాని చక్రాల కుర్చీ ఎప్పుడూ బల్ల దగ్గర అందరి మధ్యలో ఉండేది.

తినిపించే పని చిన్నమ్మది. మెత్తగా మెదిపిన ముద్ద చెంచాతో లోపల పెడితే సగం గడ్డం మీదకు వచ్చేది. మింగితే దగ్గు, దగ్గితే కళ్ళనీళ్ళు. మిగతా పిల్లలు తిని, కడుక్కుని, ఆడుకోవడానికి పోయినా గిన్నె అలాగే ఉండేది.

నెలకోసారి వచ్చే డాక్టరు ఈసారి పిల్లను తూచి, మళ్ళీ తూచి, పెదవి విరిచాడు.

"తగ్గుతోందమ్మా. వచ్చే నెలకీ ఇలాగే ఉంటే పెద్దాసుపత్రికి పంపేద్దాం. అక్కడ ఇలాంటి పిల్లల వార్డు ఉంది. గొట్టంతో ఆహారం ఎక్కిస్తారు."

"తర్వాత మళ్ళీ తీసుకొచ్చేసుకుంటాం కదా?" అంది పెద్దమ్మ.

"గొట్టం పెట్టిన పిల్లల్ని వాళ్ళు బయటికి పంపరు. చెడ్డగా చూడరు లెండి. నర్సులు తక్కువ, పిల్లలు ఎక్కువ. అంతే."

"అంతేనా" అంది పెద్దమ్మ. డాక్టరు సంచీ సర్దుకుంటూ ఆమె వైపు చూడలేదు.

చిన్నమ్మ ఈ పనిలోకి రాకముందు మనస్తత్వశాస్త్రం చదివింది. ఆ చదువు వేరేవాళ్ళకంటే ఆమెనే ఎక్కువ ఇబ్బంది పెట్టేది. తనలో ఏ ఆలోచన కదిలినా దాని తోక పట్టుకుని కలుగు దాకా వెళ్ళి చూడడం అలవాటు. ఆ కలుగుల్లో ఒకదాంట్లో ఏముందో ఆమెకు బాగా తెలుసు. ఏడాదిగా దొరసానిని కడిగేది, తుడిచేది, ఎత్తుకునేది, తినిపించేది తను. కానీ ఆ చేతులు లేచేది పెద్దమ్మ ప్రార్థనకు. తను పిలిచినప్పుడు, తను పాడినప్పుడు ఆ ముఖంలో ఏ కదలికా లేదు. ప్రతిఫలం కోరకూడదని తెలిసి కూడా ప్రతి పూటా కోరుకునేది. కనీసం ఒక రెప్పపాటు తనకోసం.

డాక్టరు వెళ్ళిన వారంలో భోజనాల గదికి సున్నం వేయించారు. పిల్లలందరూ వరండాలో కూర్చుని తిన్నారు. వరండా మెట్లు చక్రాల కుర్చీకి అనువైనవి కావు. చిన్నమ్మ దొరసానిని బట్టల గదిలోకి తీసుకెళ్ళింది. చుట్టూ మడతపెట్టిన దుప్పట్లు, తువ్వాళ్ళ దొంతరలు. తలుపు వేస్తే బయటి చప్పుడు దాదాపు వినిపించదు. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తల కొంచెం ముందుకు వాల్చి పట్టుకుని, చెంచా అందించింది. దొరసాని మింగింది. ఇంకోటి. అదీ మింగింది. దగ్గు రాలేదు. గిన్నె అడుగు కనబడింది.

సరిగ్గా అప్పుడు అవతల వంటింట్లో పెద్ద మూత జారి గచ్చు మీద పడింది. దొరసాని చేతులు రెండూ పైకి లేచాయి. నోరు తెరుచుకుంది, కళ్ళు పెద్దవయ్యాయి, తల వెనక్కి వాలింది. అచ్చం బల్ల దగ్గర లేచినట్టే.

అక్కడ ప్రార్థన లేదు. పెద్దమ్మ లేదు. మూత ఉంది, అంతే.

చిన్నమ్మకు విషయం మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. అది స్తోత్రం కాదు, ఉలికిపాటు. గంటకూ, కుర్చీలు ఈడ్చే చప్పుడుకూ, అందరి ఆమెన్‌కూ ఆ ఒళ్ళు అదిరి బిగుసుకుంటోంది. బిగుసుకున్న గొంతులోకే తను రోజూ చెంచా పెడుతోంది. దీని తర్వాత రెండో విషయం తెలిసింది. తనకు సంతోషంగా ఉంది. పిల్లకు మార్గం దొరికినందుకు కొంత. పెద్దమ్మకు దక్కిందనుకున్నది కూడా ఏమీ కాదని తేలినందుకు కొంత. ఆ రెండో కొంత చిన్నది కాదు.

ఆ సంతోషం ఆమెను కట్టిపడేసింది. ఇలాంటి మనసుతో వెళ్ళి చెబితే అది నిజం చెప్పడమా, దెబ్బ తీయడమా? ముందు దీన్ని కడుక్కోవాలి, తర్వాత చెప్పాలి అనుకుంది. సున్నం ఆరింది. దొరసాని మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది. మళ్ళీ గంట, మళ్ళీ చేతులు. చిన్నమ్మ తల ముందుకు వాల్చి పట్టుకుని చూసింది, నెమ్మదిగా పెట్టి చూసింది. ఆ రొదలో ఏదీ పనిచేయలేదు. మేడ మీదికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని తన లోపల వెతికేది. అసూయ అక్కడే ఉండేది, కదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆమెన్ తర్వాత పెట్టిన ముద్ద అడ్డం పడింది. దొరసాని పెదవులు నీలంగా మారాయి. చిన్నమ్మ పిల్లను బోర్లా తిప్పి వీపు మీద చరిచింది. ముద్ద బయటపడింది, ఊపిరి వచ్చింది. బల్ల చుట్టూ పిల్లలు చెంచాలు పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నారు.

ఆ పిల్లను భుజాన వేసుకుని నిలబడ్డప్పుడు చిన్నమ్మకు తన మీద తనకే కోపం వచ్చింది. కడుక్కోవడానికి తన మనసుకు ఎన్నాళ్ళు పడుతుందో! అప్పటిదాకా ఈ పిల్ల మాడాలా? తన లోపలి మురికితో దీని కడుపుకేం సంబంధం?

భోజనాలయ్యాక పెద్దమ్మ నేల మీద చతికిలబడి, స్పానరు పట్టుకుని చక్రాల కుర్చీ చక్రం బిగిస్తోంది. దొరసాని పక్కనే చాప మీద పడుకుని ఉంది.

"పెద్దమ్మా, మీకో మాట చెప్పాలి. మీకు నచ్చదు."

"నచ్చే మాటలు ఈ ఇంట్లో ఎవరు చెప్పారు కనక! చెప్పు."

చిన్నమ్మ బట్టల గది సంగతి మొత్తం చెప్పింది. గిన్నె ఖాళీ అవడం, మూత పడడం, చేతులు లేవడం. పెద్దమ్మ చక్రం వైపే చూస్తూ విన్నది. అంతా విన్నాక దొరసాని ముఖం వైపు చూసింది. చేతిలోని స్పానరును కొంచెం పైకెత్తి గచ్చు మీద వదిలేసింది.

దొరసాని చేతులు రెండూ పైకి లేచాయి.

"స్పానరుకు కూడా స్తోత్రం చెప్పింది" అంది పెద్దమ్మ.

నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. చాప మీదికి జరిగి, బిగుసుకున్న ఆ చేతులను ఒక్కొక్కటే తన అరచేతుల్లోకి తీసుకుని, అవి వదులయ్యేదాకా పట్టుకుని కూర్చుంది.

"భయపడుతున్నావటే నువ్వు" అంది పిల్లతో. "ఇన్నేళ్ళూ. మేం వచ్చినవాళ్ళని పిలిచి మరీ చూపించాం."

"మీకు తెలీదు కదా."

"తెలీలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. బాగుంది కదా చూడ్డానికి." పిల్ల చేతులు చాప మీద సర్ది, "సరే. అన్నం పెట్టడానికి స్తోత్రం ఏమన్నా ఫీజా? కట్టకపోతే పెట్టమా?" అంది.

చిన్నమ్మ ఊరుకోలేకపోయింది. "ఇంకోటి కూడా ఉంది. అది మిమ్మల్ని చూసి చేతులెత్తడం లేదని తెలిసినప్పుడు నాకు సంతోషం వేసింది. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

పెద్దమ్మ ఆమె వైపు తేరిపార చూసింది.

"చాలా వేసిందా?"

"చాలానే."

"వేస్తుంది. మనిషివేగా, గోడవి కాదు. దానివల్ల దీని కడుపు నిండేట్టయితే ఇంకొంచెం వేసినా నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈసారి ఏది తెలిసినా ఆ పూటే చెప్పు. నీ మనసు సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు."

"అయితే రేపట్నుంచి బట్టల గదిలో తినిపిస్తాను."

"కుదరదు" అంది పెద్దమ్మ వెంటనే. "అది ఒంటరిగా తినడానికి వీల్లేదు. బల్ల దగ్గర్నుంచి లేచిపోవాల్సింది అది కాదు. మనమే నోరు మూసుకుందాం."

మర్నాడు గంట తీసేశారు. కుర్చీల కాళ్ళకు పాత కంబళి ముక్కలు కట్టారు. బల్ల మీద మందపాటి గుడ్డ పరిచారు. ప్రార్థన ఎవరి మనసులో వాళ్ళు చేసుకోవాలి, పెద్దమ్మ తల ఎత్తితే ఆమెన్ అయినట్టు. పిల్లలకిది ఆటలా అనిపించింది. ఇంకొంచెం పెట్టమనడానికి వేలు చూపించేవాళ్ళు, చాలనడానికి చెవి పట్టుకునేవాళ్ళు. వంటక్కకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది.

"తుమ్ము వస్తే ఏం చెయ్యాలమ్మా, వీధిలోకి పరిగెత్తాలా?" అంది గుసగుసగా.

"పరిగెత్తు. ఒళ్ళు తగ్గుతుంది" అంది పెద్దమ్మ, అంతకంటే చిన్న గొంతుతో.

"ఈ దొరసాని పెత్తనం రోజురోజుకీ మితిమీరిపోతోంది" అని గొణుక్కుంటూ వంటక్క ముద్దను ఇంకాస్త మెత్తగా మెదిపింది.

మొదట్లో దొరసాని గిన్నె సగం దాకా ఖాళీ అయ్యేది. తర్వాత ముప్పాతిక. దగ్గు పూర్తిగా పోలేదు, ఏ పళ్ళెమో జారిన పూట మళ్ళీ మొదలు. కానీ చేతులు ఒళ్ళో ఉండేవి. చూడడానికి వచ్చిన ఒకామె బల్ల దగ్గర చాలాసేపు నిలబడి, "చేతులెత్తి స్తోత్రం చేసే పాప ఈమేనా? ఈవేళ చెయ్యదా?" అని అడిగింది.

"ఇప్పుడు తింటోందండీ" అంది పెద్దమ్మ. ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో లోటు వినబడుతుందేమోనని చిన్నమ్మ చెవి ఒగ్గి వింది. వినబడలేదు.

డాక్టరు వచ్చిన రోజు ఇద్దరూ తూకం దగ్గర చెరో పక్కా నిలబడ్డారు. అతను ముల్లు వైపు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"పెరిగింది. ఎక్కువేం కాదు, కానీ పెరిగింది. ఏం చేశారు?"

"చప్పుడు మానేశాం" అంది పెద్దమ్మ.

డాక్టరు ఆమె వేళాకోళమాడుతోందనుకున్నాడు. చిన్నమ్మ వివరంగా చెప్పాక తల ఊపాడు. "అయితే వార్డు మాట ఇక వద్దు. ఇక్కడే ఉండనివ్వండి. కానీ అమ్మా, బరువు పెరిగినంత మాత్రాన మిగతావి బాగుపడతాయని ఆశ పెట్టుకోకండి."

"మేమడిగామా?" అంది పెద్దమ్మ.

అతను చిన్నమ్మ వైపు తిరిగాడు. "మిమ్మల్ని గుర్తుపడుతుందా? మీకేమనిపిస్తోంది?"

చిన్నమ్మ తన లోపలికి ఒకసారి చూసుకుంది, అలవాటుకొద్దీ. అక్కడ ఆ కోరిక ఇంకా ఉంది, కాకపోతే బల్ల దగ్గర మిగతా పిల్లల్లాగే తన వంతు వచ్చేదాకా కూర్చోగలిగేలా ఉంది.

"తెలీదండీ" అంది మామూలుగా. "భోజనాల వేళయింది. మీరూ మాతో తినండి. కుర్చీ మాత్రం లాగకండి, ఎత్తి జరుపుకోండి."

డాక్టరు కుర్చీని రెండు చేతులా ఎత్తి, చప్పుడు కాకుండా దించి, దొరసాని పక్కన కూర్చున్నాడు.