మేకపోతు ముందు రిహార్సల్

మసాకా ఊళ్ళో చాపల సంఘం గురించి తెలియనివాళ్ళు లేరు. ప్రతి శనివారం మధ్యాహ్నం చర్చి వెనక గదిలో పదకొండు మంది ఆడవాళ్ళు ఈతాకు ముందేసుకుని కూర్చుంటారు. రెండేళ్ళలో అల్లింది నాలుగు చాపలు, అవీ అష్టవంకరలు. అసలు సంగతి వేరే. వాళ్ళలో ప్రతి ఒక్కరినీ ఎవడో ఒకడు చెరిచాడు: ఒకరిని మేనమామ, ఒకరిని మాస్టారు, ఇంకొకరిని మొగుడి స్నేహితుడు. ఆ మాట ఊరికి చెప్పి ఉద్ధరించేదేముంది? అందుకే చాపలు.

గదిలో ఒక్కటే నియమం. 'అయ్యో పాపం' అన్నవాళ్ళు ఆ రోజు అందరికీ అరటికాయలు చెక్కు తీయాలి. నియమం పెట్టింది నజ్జూకా అవ్వ. ఒకప్పుడు మంత్రసాని, ఆవిడ నోటికి ఫాదరు కూడా జడుస్తాడు.

ఆ శనివారం నబ్బోసా వస్తూనే చతికిలబడింది.

"వచ్చే వారం మా చెల్లి ప్రధానం అవ్వా. సెబ్యాలా చిన్నాన్న వస్తున్నాడు."

చేతులన్నీ ఆగిపోయాయి. నబ్బోసాకి తొమ్మిదేళ్ళప్పుడు ఆ పాడుపని చేసినవాడు వాడే. పదిహేడేళ్ళుగా జ్వరమనీ, బస్సు తప్పిపోయిందనీ తప్పించుకు తిరిగింది. సొంత చెల్లి ప్రధానానికి ఏం చెప్పి ఎగ్గొడుతుంది? వెళితే ఇంటి ఆడపిల్లలందరితో వరసలో నడిచి పెద్దల ముందు మోకరిల్లి పలకరించాలి. మోకరిల్లని పిల్ల కబురు పెళ్ళికొడుకు కంటే ముందు ఊరు దాటుతుంది.

"నేను వాడికి మోకరిల్లను," అంది నబ్బోసా.

"అది నీ నోరు అంటోంది. మోకాళ్ళని అడిగావా?" అంది అవ్వ.

అడిగి చూద్దామని ఫాదరుగారి మేకపోతుని పట్టుకొచ్చి, దానికి మగవాళ్ళు తొడుక్కునే పొడుగాటి తెల్ల అంగీ, కంజు, తగిలించి, కుర్చీ కోడుకి కట్టారు.

"అచ్చం చిన్నాన్నే! కంపు కూడా కలిసింది," అంది మూలనున్న నమ్మాండా.

నబ్బోసా గుమ్మంలోంచి నడిచి వచ్చింది. "బాగున్నారా అండీ," అంటూనే రెండు మోకాళ్ళూ టపీమని నేలకి తగిలాయి.

గది గొల్లుమంది. "ఓసి నీ అసాధ్యం కూలా! మేకపోతుక్కూడానా!"

నబ్బోసా కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ భోరుమంది. "నా ఒళ్ళు నా మాట వినదు అవ్వా. అప్పుడూ వినలేదు."

"అయ్యో పా..." అంది నమ్మాండా.

"అరటికాయలు!" అని అరిచారందరూ.

అవ్వ వచ్చి నబ్బోసా గడ్డం పట్టుకుంది. "తొమ్మిదేళ్ళ ఒళ్ళు ఏం చేస్తుందే పిచ్చిమొహమా? తప్పు దానిది కాదు, వాడిది. ఇప్పుడు లే. మళ్ళీ నడువు."

పద్నాలుగు సార్లు మేకకి మొక్కింది. పదిహేనోసారి నిలబడింది.

ప్రధానం రోజు సెబ్యాలా చిన్నాన్న కంజు మీద కోటేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు, ఊరికి పెద్దమనిషిలా. నబ్బోసా వెనకే అత్త కూతురు నలుమాన్సి ఉంది. పదకొండేళ్ళది, చిన్నాన్న ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది.

"రా తల్లీ! ఎన్నేళ్ళయింది నిన్ను చూసి!" అన్నాడు చిన్నాన్న.

నబ్బోసా వెళ్ళి ఎదురుగా నిలబడింది. వంగలేదు.

"మోకాళ్ళకేమొచ్చిందే?" అని వెనకనుంచి మేనత్త గిల్లింది.

"నిక్షేపంలా ఉన్నాయి అత్తా. ఈయనకి మాత్రం వంగవు. ఎందుకో ఈయనకి తెలుసు."

టెంటు కింద గుసగుసలు మొదలయ్యాయి. చిన్నాన్న ఇకిలించాడు. "పట్నం చదువులు! పోనీలే. నలుమాన్సీ, నువ్వు రా. నువ్వు మంచిపిల్లవి, చెప్పినమాట వింటావు."

నలుమాన్సి అప్పటికే ఒక మోకాలు చాప మీద ఆన్చింది. తలెత్తి నబ్బోసా వైపు చూసింది. చూస్తూ చూస్తూ, ఆ మోకాలు తీసేసి లేచి నిలబడింది.

నబ్బోసాకి అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ తన గోలలో తానుండి, ఆ ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉందన్న ధ్యాసే లేకపోయింది తనకి. సిగ్గుతో, కోపంతో ఒళ్ళు మండిపోయింది. పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నీ బట్టలెక్కడున్నాయే?"

"చిన్నమామయ్య ఇంట్లో, అక్కా."

"ఉండనీ. కొత్తవి కొనుక్కుందాం," అంది నబ్బోసా, టెంటు మొత్తానికీ వినపడేలా. "ఆ ఇంటి గడప నువ్విక తొక్కవు."