మెయిన్ స్విచ్ దగ్గర నాన్న

హాలు మేనేజరు ముందే తెగేసి చెప్పాడు. "ఒక్క గొడవ జరిగినా సరే, మీ అమ్మాయి బ్యాండు మళ్లీ ఈ గడప తొక్కదు. పూచీ నీదే."

ఆ హాల్లో ఏళ్ల తరబడి ఫ్యూజులు మార్చిన ఎలక్ట్రీషియను తన కోసం ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగలేదు. కూతురి బ్యాండు షో కోసం ఆ హాలు అడిగాడు. అడిగాక భయం పట్టుకుంది.

పట్టుకోదూ మరి! వచ్చిన పిల్లల వాలకం అలా ఉంది. చిరుగుల ప్యాంట్లు, ముక్కులకు పిన్నీసులు, ఒకడికైతే ఆకుపచ్చ జుట్టు. ఆయన కుర్చీలు వేయించబోతే, "రాక్ షోకి కుర్చీలేంటి నాన్నా, పరువు పోతుంది" అని కూతురు తీయించేసింది. కూర్చుంటే పోయే పరువేమిటో ఆయనకు ఎంతకీ అంతుబట్టలేదు.

సాయంత్రం షో మొదలైంది. రెండో పాటకల్లా జనం మధ్యలో గుండ్రంగా చోటు చేసుకుని, ఒకరినొకరు భుజాలతో గుద్దుకోసాగారు. ఒక కుర్రాడు దభీమని పడ్డాడు. నలుగురైదుగురు వాడి మీదికి వంగారు. వాణ్ణి చితకబాదుతున్నారనుకున్నాడు ఎలక్ట్రీషియను. ముందూ వెనకా చూడకుండా మెయిన్ స్విచ్ లాగేశాడు.

హాలంతా చీకటి. గిటార్లు ఆగిపోయాయి, మైకు మూగబోయింది. డ్రమ్ములు మాత్రం ఆగలేదు. వాటికి కరెంటుతో పనేముంది? వాయిస్తున్నది ఆయన కూతురు. ఒక్క దెబ్బ తప్పలేదు. తోపులాట లేదు, కేకలు లేవు. జనమంతా ఉన్నచోటే నిలబడి ఆమె దెబ్బకు కాళ్లతో తాళం వేస్తున్నారు. ఇంతలో ఫోన్ల లైట్లు వెలిగాయి. చూస్తే, పడ్డ కుర్రాణ్ణి ఎప్పుడో లేపి నిలబెట్టారు. ఒకడు వాడి బూటు వెతుకుతున్నాడు, ఒక పిల్ల వాడి కళ్లజోడు తుడిచి ఇస్తోంది.

"కంగారుపడకండి అంకుల్," అన్నాడు పక్కనున్న ఆకుపచ్చ జుట్టువాడు. "గుద్దుకోవడం సరదాకే. ఎవరైనా పడితే మాత్రం అన్నీ ఆపి ముందు లేపాలి. ఇక్కడ అదే రూలు."

ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా ఎంతోసేపు నిలవలేదు. ఇంట్లో కూతురు డ్రమ్ములు వాయిస్తుంటే, పక్కవాటా వాళ్లు గోడ కొట్టినప్పుడల్లా "ఇక ఆపవే తల్లీ" అని బతిమాలింది ఆయనే. ఇప్పుడు హాలుహాలంతా దాని చేతి దెబ్బను పట్టుకుని చీకట్లో నిలబడి ఉంది. ఇన్నాళ్లూ నేను ఆపించింది దీన్నా! ఛాతీ ఉప్పొంగింది, కళ్లు చెమర్చాయి.

మేనేజరు రొప్పుతూ వచ్చాడు. "ఎవడయ్యా కరెంటు తీసింది?"

"నేనే సార్. గొడవనుకుని పొరబడ్డాను. తప్పు నాదే, పిల్లలది కాదు."

మేనేజరు హాలు వైపు చూశాడు. "ఈ చీకట్లో ఇంతమందిని కదలకుండా నిలబెట్టింది... అది మీ అమ్మాయేనా?"

"మా అమ్మాయే సార్." నలుగురికీ వినపడేంత గట్టిగా చెప్పాడు.

"వచ్చే నెల మళ్లీ రమ్మను. ముందు ఆ స్విచ్ వెయ్యి."

ఎలక్ట్రీషియను స్విచ్ మీద చెయ్యి వేశాడు కానీ పైకెత్తలేదు.

"ఒక్క నిమిషం ఆగండి సార్. అమ్మాయి వాయిస్తోంది."